తపాలా బిళ్ల వెనక సబ్బు ప్రకటన

తపాలా బిళ్లను తిప్పి చూసేవాళ్లు తక్కువ. 1893లో న్యూజిలాండ్ తపాలా శాఖ తిప్పి చూసింది. ముందువైపు విక్టోరియా మహారాణి ముఖం, బిళ్ల విలువ, దేశం పేరు. వెనక జిగురు తప్ప ఏమీ లేదు. లక్షలకొద్దీ అచ్చయ్యే బిళ్లల వీపులన్నీ ఊరికే పోతున్నాయి కదా అనిపించింది. వెల్లింగ్టన్‌లోని ట్రూబ్రిడ్జ్, మిల్లర్ అండ్ రైక్ అనే సంస్థ ఆ వెనకభాగాన్ని గుత్తకు తీసుకుంది. ఆ ఫిబ్రవరి నుంచి పెన్నీ బిళ్ల కొన్నవాళ్లకు దాని వెనక సన్‌లైట్ సబ్బు, క్యాడ్బరీ కోకో, బీచమ్స్ మాత్రలు, ఫ్లాగ్ బ్రాండ్ సాసులు, బానింగ్టన్స్ ఐరిష్ మాస్ దగ్గుమందు కనిపించసాగాయి.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. ఆ ప్రకటనను ఎవరు, ఎప్పుడు చదువుతారన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. బిళ్ల చించడానికీ నాలుకకు తగిలించడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో అంతే దాని ఆయుష్షు. అంటించాక ఆ సబ్బు గొప్పదనం కవరుకే తెలియాలి. పైగా జనం తడి చేసేది సరిగ్గా రంగు అచ్చు ఉన్న వైపునే. ఆ సిరా నోట్లోకి పోతే ఏమవుతుందోనన్న భయం పుట్టింది. ఫిర్యాదులు వచ్చాయి. ఏడాది తిరగకుండానే ఆ ప్రయోగానికి మంగళం పాడేశారు. స్టాంపులు పోగుచేసేవాళ్లు వాటిని ఇప్పుడు ‘యాడ్‌సన్స్’ అంటారు. ఆ సబ్బుల కంపెనీలు కోరుకున్నంత శ్రద్ధగా ఆ వెనకవైపు చదివింది తర్వాతి శతాబ్దపు సేకర్తలే.

ఆ జాబితాలో బీచమ్స్ మాత్రల దగ్గర కొంచెం ఆగాలి. ఇంగ్లండులో పుట్టి ప్రపంచమంతా అమ్ముడుపోయిన మందు అది. తగ్గించని రోగం లేదన్నట్టు ప్రచారం చేసుకునేది. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ‘సీక్రెట్ రెమెడీస్’ పేరుతో ఒక పుస్తకం వేసి ఇలాంటి మందుల గుట్టు విప్పింది. బీచమ్స్ మాత్రలో తేలింది మూడే మూడు: ముసాంబరం, శొంఠిపొడి, సబ్బుపొడి. 56 మాత్రల పెట్టె ధర 1 షిల్లింగు 1½ పెన్నీలు. లోపలి సరుకు విలువ అర ఫార్దింగు, అంటే పెట్టె ధరలో 108వ వంతు. అలాంటి మందు పేరును మహారాణి బొమ్మ వెనక అచ్చువేసి ప్రభుత్వమే అమ్మింది. తపాలా శాఖ ఆ మాత్రలు మంచివని ఎక్కడా అనలేదు, నిజమే. కానీ ప్రభుత్వ కాగితం మీద ఉన్నదాన్ని ప్రభుత్వం మాటగా తీసుకోవడం జనానికి అలవాటు. ప్రకటనదారు డబ్బు కట్టేదీ ఆ అలవాటు మీద ఆశతోనే.

సర్కారు అచ్చులో చోటు అమ్మి ఖజానాకు నాలుగు డబ్బులు చేర్చాలన్న కోరిక న్యూజిలాండ్‌లో పుట్టింది కాదు. అంతకు రెండువందల ఏళ్ల ముందు నుంచే ఉంది. అది మొదలైంది లండన్ గెజిట్‌లో.

1665లో లండన్‌ను ప్లేగు కమ్మేసింది. రెండో చార్లెస్ కొలువు ఆక్స్‌ఫర్డ్‌కు తరలిపోయింది. ఆ నవంబరులో అక్కడే ‘ఆక్స్‌ఫర్డ్ గెజిట్’ మొదలైంది. 1666 ఫిబ్రవరిలో రాజు తిరిగి వచ్చాక పేరు ‘లండన్ గెజిట్’ అయింది. ఆ ఏడు జూన్‌లోనే గెజిట్ ఒక విన్నపం అచ్చువేసింది. పుస్తకాలు, మందులు అంటూ రోజూ ప్రకటనల కోసం ఒత్తిడి చేస్తున్నారనీ, అది వార్తాపత్రిక చేయాల్సిన పని కాదనీ, అలాంటివాటికి విడిగా ఒక కాగితం వేస్తామనీ దాని సారాంశం. ఆ నిష్ఠ ఎక్కువకాలం నిలవలేదు. కొన్నేళ్లకే చివరి పుటలో కొత్త పుస్తకాలు, తప్పిపోయిన గుర్రాలు, పారిపోయిన నౌకర్లు చేరారు. వెదికి తెచ్చినవారికి బహుమానాలు కూడా అక్కడే ప్రకటించేవారు.

బ్రిటిష్ ప్రభుత్వానికి ప్రకటనల్లో ఉన్న డబ్బు రుచి బాగా తెలిసింది మాత్రం 1712లో. ఏ పత్రికలో ప్రకటన వేసినా ఒక్కోదానికి 1 షిల్లింగు పన్ను పెట్టారు. 1853 దాకా ఏదో ఒక రేటులో ఆ పన్ను నడిచింది. తాను చోటు అమ్ముకోవడం కంటే ఇతరులు అమ్ముకునే చోటు మీద పన్ను పిండటమే తేలికని ఆ ప్రభుత్వం అలా కనిపెట్టింది.

ఈస్టిండియా కంపెనీ రాజ్యంలో పద్ధతి వేరు. 1784 మార్చి 4న కలకత్తాలో ఫ్రాన్సిస్ గ్లాడ్విన్ ఒక పత్రిక మొదలుపెట్టాడు. దాని పూర్తి పేరులోనే విషయం ఉంది: ‘కలకత్తా గెజిట్ ఆర్ ఓరియంటల్ అడ్వర్టైజర్’. కంపెనీ తరఫున వెయ్యాల్సిన ప్రకటనలన్నీ ఈ పత్రిక ద్వారానే వెయ్యాలని గవర్నర్ జనరల్ కౌన్సిల్ కార్యాలయాల అధిపతులందరికీ ఆజ్ఞ ఇచ్చింది. ఆ ఆజ్ఞ పక్కనే అద్దెకిచ్చే బంగళాలు, ఓడలో దిగిన ద్రాక్షసారాయి, వేలంపాటలు. మరుసటి ఏడు, 1785 అక్టోబరులో, మద్రాసు ప్రభుత్వ ముద్రాపకుడు రిచర్డ్ జాన్‌స్టన్ ‘మద్రాస్ కొరియర్’ తెచ్చాడు. ఉత్తర సర్కారుల్లో ఉండే దొరలకు కంపెనీ ఉత్తర్వులూ, చెన్నపట్నంలో దిగిన సరుకుల కబుర్లూ ఒకే కాగితంలో అందేవి. ప్రభుత్వ కాగితమా, వ్యాపార కాగితమా అన్న భేదం అప్పట్లో ఎవరికీ పట్టలేదు. కంపెనీయే వ్యాపారి అయినప్పుడు ఆ భేదం ఎవరు పాటిస్తారు?

1832లో ‘ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్’ వచ్చాక అసలైన ప్రభుత్వ రాజపత్రం ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాల మీద అమలైన మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా దాంట్లోనే వెలువడ్డాయి. గెజిట్లు వార్తలను వదిలేసి ఉత్తర్వులకూ నోటీసులకూ పరిమితమయ్యే కొద్దీ వాటిలో సారా, బంగళాల జోరు తగ్గింది. డబ్బు కట్టి వేయించుకునే నోటీసులు మాత్రం ఉండిపోయాయి. దివాలా తీసినవాడి నోటీసు, చనిపోయినవాడి అప్పులవాళ్లకు నోటీసు, భాగస్వామ్యం రద్దు చేసుకున్న నోటీసు. ఇవి చదివేవాళ్లు తక్కువే, అయినా వేయించేవాళ్లకు తప్పదు. గెజిట్‌లో పడితేనే చట్టం దృష్టిలో అది ప్రకటించినట్టు లెక్క. సబ్బు కంపెనీకి కావలసింది కళ్లు. దివాలా తీసినవాడికి కావలసింది ముద్ర. ప్రభుత్వం దగ్గర ఉన్న సరుకు రెండోదే. ఆ సంగతి చాలా ప్రభుత్వాలకు చాలాకాలం తట్టలేదు.

బ్రిటిష్ తపాలా శాఖకు ఒక విధంగా జనమే దారి చూపారు. 1840లో రోలండ్ హిల్ పెన్నీ తపాలా ప్రవేశపెట్టినప్పుడు బిళ్లలతో పాటు విలియం ముల్రెడీ గీసిన బొమ్మతో మడతపెట్టే ఉత్తరపు కాగితాలు కూడా అమ్మారు. ఆ బొమ్మను లోకమంతా ఎగతాళి చేసింది. తెలివైన వ్యాపారులు మాత్రం ఆ కాగితాల లోపలివైపు ప్రకటనలు అచ్చువేయించి, తపాలా శాఖ ధర కంటే తక్కువకు జనానికి అమ్మారు. కాగితం ప్రభుత్వానిది, చోటు ప్రభుత్వానిది, ప్రకటన రాబడి మాత్రం దళారులది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు తాము కొన్న బిళ్లల వెనక తమ పేరు అచ్చువేయించుకున్నాయి. అది ప్రచారానికి కాదు, గుమాస్తాలు ఆఫీసు బిళ్లలు ఇంటికి పట్టుకుపోకుండా.

పియర్స్ సబ్బు కంపెనీకి ఆ వెనకభాగం ఇంకోలా కనిపించింది. కంపెనీ ప్రచారం చూసే థామస్ బారెట్ ఆ కాలపు ప్రకటనల ప్రపంచంలో అఖండుడు. మిలే గీసిన, బుడగలు ఊదే పిల్లవాడి చిత్రాన్ని సబ్బు ప్రకటనగా మార్చింది ఆయనే. 1880ల చివర్లో అర పెన్నీ, పెన్నీ బిళ్లల వెనక పియర్స్ పేరు అచ్చువేసి నమూనాలు తయారుచేశారు. తపాలా శాఖ ఒప్పుకోలేదు. జనాభా లెక్కల ఫారం వెనక పేజీకి ఏకంగా లక్ష పౌండ్లు ఇస్తానని బారెట్ బేరం పెట్టాడనీ, ప్రభుత్వం అదీ కాదందనీ ప్రకటనల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఇంటింటికీ వెళ్లి, ఇంటి పెద్ద చేత తప్పనిసరిగా చదివించే కాగితం ఇంకేముంది? ప్రభుత్వ కాగితం విలువ ప్రభుత్వం కంటే సబ్బు వ్యాపారికే బాగా అర్థమైంది.

బిళ్ల వెనక కుదరదన్న బ్రిటిష్ తపాలా శాఖ తర్వాత మరో చోటు వెదుక్కుంది. అయిదో జార్జి కాలంలో స్టాంపుల చిన్న పుస్తకాల్లో, ఆరు బిళ్లలు ఉండాల్సిన పుటలో నాలుగు బిళ్లలూ రెండు ప్రకటన చీటీలూ వేసి అమ్మింది. రాజు పక్కన ప్రకటన ఉంది గానీ రాజు మీద లేదు. మధ్యలో చిల్లులు ఉన్నాయి, చించుకోవచ్చు. ఇటలీ ఆ మాత్రం మొహమాటం కూడా పెట్టుకోలేదు. 1924-25లో విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు బొమ్మ కిందే కాంపారి మద్యం, సింగర్ కుట్టుమిషను, కొలంబియా గ్రామఫోను, పెరుజీనా చాక్లెట్ల ప్రకటనలు ఒకే బిళ్లగా అతికించి అచ్చువేసింది. మధ్యలో చిల్లులు లేవు, రాజును విడదీసి కాంపారిని పారేసే వీలు లేదు. రాజు బొమ్మ కింద సారా సీసా ఏమిటని జనం ముఖం చిట్లించారు. ఆ బిళ్లలు 1925లోనే పోయాయి. ఒక్క బెల్జియం మాత్రం ప్రకటనల పోస్టుకార్డులను 1930ల నుంచి దశాబ్దాల పాటు వరుస నంబర్లతో నడిపించింది. బిళ్ల ప్రభుత్వ గౌరవం, కార్డు వట్టి కాగితం అన్న భావన అక్కడ పనికొచ్చినట్టుంది.

అమెరికా వాళ్లు ఈ తగాదాను నియమం రాసి తేల్చేశారు. అక్కడి సమాఖ్య ప్రభుత్వ ముద్రణ నియమాల ప్రకారం ప్రభుత్వ ప్రచురణలో ప్రైవేటు ప్రకటన ఉండకూడదు. ఒక సరుకును ప్రభుత్వం మెచ్చుకుంటున్నట్టు ధ్వనించే వాక్యం కూడా ఉండకూడదు. బీచమ్స్ మాత్రల సమస్యకు ఇంతకంటే సూటి జవాబు లేదు. ఆదాయం రాదు, అంతే.

మన దేశంలో ఈ కథకు తర్వాతి అధ్యాయం రేడియోది. 1935 చివర్లో మొదలైన ‘ఇండియన్ లిజనర్’ ప్రభుత్వ రేడియో పత్రిక. ఏ స్టేషన్లో ఏ పూట ఏ కార్యక్రమమో దాంట్లో ఉండేది. తెలుగువాళ్లకు ‘వాణి’ వచ్చేది. రేడియో కొన్న ఇంట్లో ఆ పత్రిక కూడా ఉంటే ఏ పాట ఎప్పుడో ముందే తెలుస్తుంది. ఆ పుటల్లో రేడియో సెట్ల కంపెనీల ప్రకటనలు పోటీలు పడ్డాయి. చదివేవాడు రేడియో ఉన్నవాడో, కొనబోయేవాడో అని కంపెనీకి ముందే తెలుసు. విచిత్రమేమిటంటే, పత్రికలో ప్రకటనలు ఎప్పటినుంచో అచ్చవుతున్నా, రేడియోలో మాత్రం ప్రకటన వినిపించడానికి 1967 నవంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఆరోజు బొంబాయి, నాగపూర్, పుణెల్లో వివిధభారతి వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాయి. అప్పటిదాకా మన శ్రోతలనూ మన కంపెనీల డబ్బునూ రేడియో సిలోన్ దోచుకుపోయింది. కాగితం మీద తప్పులేనిది గాలిలో తప్పెలా అయిందో ఏ మంత్రీ వివరించలేదు.

ఇంతకూ మనవాళ్ల కాగితం పోస్టుకార్డు. 1879 జులై 1న పావు అణాకు మొదలైన కార్డు ముక్క మీద ‘ఉభయకుశలోపరి’ నుంచి ముహూర్తాల దాకా, అప్పు తీర్చమన్న గద్దింపు నుంచి కొడుక్కి ఉద్యోగం వచ్చిన కబురు దాకా తెలుగు జీవితం సగం నడిచింది. ఆ కార్డు ఎప్పుడూ నష్టమే. 2000ల మొదట్లో ఒక్కో కార్డును మోయడానికి తపాలా శాఖకు దాదాపు 7 రూపాయలు ఖర్చయ్యేది. చేతికి వచ్చేది 50 పైసలు. ధర పెంచుదామంటే పేదవాడి ఉత్తరం మీద చెయ్యి వేసినట్టవుతుంది. పార్లమెంటులో ఎవరూ ఊరుకోరు.

కార్డును వ్యాపారానికి వాడుకునేవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేయాలన్న ఆలోచన అలా వచ్చింది. దూరదర్శన్‌లో ‘సురభి’ కార్యక్రమం రోజుల్లో ప్రశ్నలకు జవాబులు రాస్తూ జనం కార్డులు కుమ్మరించారు. ఒక్క వారంలో 14 లక్షల ఉత్తరాలు వచ్చి లిమ్కా రికార్డుల పుస్తకానికి ఎక్కాయి. సురభికి ప్రాయోజకుడి డబ్బు, దూరదర్శన్‌కు ప్రసార రుసుము, పోస్టుమాన్‌కు మోత. పోటీలకు రాసేవాళ్లు వేరే ధరకు వేరే కార్డు కొనాలని తపాలా శాఖ ‘కాంపిటీషన్ పోస్టుకార్డు’ తెచ్చింది. అది తర్వాత 10 రూపాయలకు చేరింది.

2002 సెప్టెంబరులో వచ్చింది మేఘదూత్. మామూలు కార్డు అప్పటికి 50 పైసలు, ఇది 25 పైసలే. చిరునామా ఉన్న వైపు ఎడమ సగంలో ప్రకటన. రాసేవాడికి వెనకవైపు మొత్తం యథాప్రకారం మిగిలే ఉంటుంది. ప్రకటనదారు కార్డుకు 2 రూపాయల చొప్పున, కనీసం లక్ష కార్డులకు కట్టాలి. కాళిదాసు మేఘం ఏమీ ఆశించకుండా యక్షుడి సందేశం మోసింది, ఈ మేఘానికి ప్రకటనకర్త కూలి ఇచ్చాడు. శాఖకు కార్డు మీద 50 పైసలకు బదులు 2 రూపాయల 25 పైసలు. అంటే నాలుగున్నర రెట్లు. పేదవాడికి సగం ధర. కాగితం మీద ఇంత అందంగా కుదిరిన ప్రభుత్వ లెక్కలు అరుదు.

అయితే 7 రూపాయల ఖర్చుకు 2 రూపాయల 25 పైసలు వచ్చినా ఇంకా నష్టమే. మరీ ముఖ్యమైన చిక్కు ఇంకొకటి. పల్లె పోస్టాఫీసులో 25 పైసల కార్డు కొనేవాడికి సరుకు అమ్మాలని ఎంతమంది వ్యాపారులకు ఉంటుంది? తెలుగుతో సహా పలు భాషల్లో వచ్చిన మేఘదూత్ కార్డుల మీద ఆరోగ్య, సంక్షేమ ప్రచారాలే బాగా కనిపించాయి. ప్రభుత్వ శాఖ డబ్బు కట్టింది, ప్రభుత్వ శాఖే పుచ్చుకుంది. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. పోస్టుకార్డు అలవాటు ఆ సమయానికే వేగంగా పడిపోతోంది. కబుర్లు సెల్‌ఫోన్‌లోకి వెళ్లిపోయాక కార్డు మీద చోటు ఎంతకైతే మాత్రం ఏం?

ప్రభుత్వ ప్రచురణలో ప్రకటన నిజంగా డబ్బు కాసింది టెలిఫోను డైరెక్టరీలో. కోర్టులకెక్కిందీ అక్కడే.

ఇప్పటి యువతకు చెబితే నమ్మరు గానీ, టెలిఫోను డైరెక్టరీ ఒకప్పుడు ఇంట్లో బీరువాలో దాచుకునే పుస్తకం. ఫోను కోసం ఏళ్లతరబడి ఎదురుచూసి తెచ్చుకున్న ఇంట్లో ఆ లావు పుస్తకం ఫోను పక్కనే దర్జాగా ఉండేది. అందులో పేరుండటమే ఒక హోదా. డాక్టరు, వస్త్రదుకాణం, సినిమా హాలు, గ్యాసు కంపెనీ, అన్నీ అందులో వెతుక్కోవలసిందే. ఇంత నమ్మకంగా, ఇన్నిసార్లు తిరగేసే పుస్తకం వ్యాపారి కంట్లో పడకుండా ఎలా ఉంటుంది?

మహానగర్ టెలిఫోన్ నిగం 1986లో ఢిల్లీ, బొంబాయిల ఫోన్ల బాధ్యత తీసుకుంది. 1987 దాకా ఆ నగరాల డైరెక్టరీలో తెల్ల పేజీలే. అంటే చందాదారుల పేర్లు, చిరునామాలు, నంబర్లు. అచ్చు ఖర్చు పెరుగుతుండటంతో నిగం ఆ పనిని బయటి కాంట్రాక్టర్లకు అప్పగించింది. డైరెక్టరీ వాళ్లే అచ్చువేయాలి, వాళ్లే పంచాలి. అందుకు ప్రతిఫలంగా ‘ఎల్లో పేజీలు’ చేర్చి వాటిలో ప్రకటనలు అమ్ముకోవచ్చు. పసుపు కాగితం సంగతికి అమెరికాలో ఒక కథ చెబుతారు: 1883లో షెయెన్ పట్టణంలో డైరెక్టరీ అచ్చువేస్తుండగా తెల్ల కాగితం అయిపోయి, ఉన్న పసుపు కాగితం వాడేశారట. నిజమో కాదో, రంగు మాత్రం ప్రపంచమంతా నిలిచింది.

1987లోనే యునైటెడ్ ఇండియా పీరియాడికల్స్ అనే సంస్థకు ఐదేళ్ల గుత్త దక్కింది. నిగానికి ఖర్చు లేదు, పైగా రాయల్టీ వస్తుంది. ఒక ప్రభుత్వ సంస్థకు ఇంతకంటే ఏం కావాలి? కావలసింది ఒకటే, ఏటా డైరెక్టరీ రావడం. అదే రాలేదు. రావాల్సిన సంచికలు ఆగిపోయాయి. ఫోన్ నంబర్లు మారుతున్నాయి, కొత్త కనెక్షన్లు వస్తున్నాయి, చందాదారుల చేతిలో పాత పుస్తకమే. 1991లో టెండర్లు పిలవకుండానే, పాత ఒప్పందానికి అనుబంధం రాసి, గడువు పెంచి, స్టెర్లింగ్ కంప్యూటర్స్ అనే మరో సంస్థకు పని దాటించారు. పోటీలో నిలబడదలచిన ఎం అండ్ ఎన్ పబ్లికేషన్స్ కోర్టుకు వెళ్లింది. ఢిల్లీ హైకోర్టు ఆ అనుబంధ ఒప్పందాన్ని కొట్టేసింది. 1993 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ప్రభుత్వ కాంట్రాక్టుల వివాదాల్లో నేటికీ లాయర్లు ఎత్తిచూపే కేసుల్లో అదొకటి.

ఉచితంగా అచ్చవుతుందని ఆశపడి అసలు పుస్తకాన్నే పోగొట్టుకోవడం ఈ కథలో మొదటి పాఠమైతే, రెండోది మరింత విచిత్రం. చోటు అమ్మడం మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ ఇక ఆ చోటు తన సొత్తనుకుంది. ఇంకెవరూ అలాంటిది అమ్మకూడదంది.

టాటా ప్రెస్ తన సొంత ఎల్లో పేజీలు వెలువరించింది. దుకాణదారులు, కంపెనీలు, వృత్తినిపుణులు డబ్బు కట్టి తమ వివరాలు వేయించుకునే పుస్తకం అది. నిగం, కేంద్రప్రభుత్వం కలిసి బొంబాయిలో కోర్టుకెక్కాయి. టెలిగ్రాఫు నియమాల్లోని 458వ నియమం ప్రకారం అనుమతి లేకుండా టెలిఫోను చందాదారుల జాబితా ఎవరూ ప్రచురించకూడదు. టాటా వారి పుస్తకం అలాంటి జాబితాయేనని వాదించాయి. బొంబాయి హైకోర్టులో ప్రభుత్వ పక్షమే నెగ్గింది.

సుప్రీంకోర్టులో ప్రశ్న మరింత లోతుకు వెళ్లింది. ప్రకటన అంటే వ్యాపారమా, మాటా? మాట అయితే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ దానికీ వర్తిస్తుంది. 1959లో హమ్‌దర్ద్ దవాఖానా కేసులో మందుల ప్రకటనల మీద ఆంక్షలను సమర్థిస్తూ సుప్రీంకోర్టే ప్రకటనలకు ఆ రక్షణ లేదన్న ధోరణిలో చెప్పింది. నిగం ఆ తీర్పునే పట్టుకుంది. 1995 ఆగస్టు 3న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం వేరుగా తేల్చింది. వాణిజ్య ప్రకటన కూడా భావప్రకటనే. సరుకు గురించి తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉంది. పత్రికలు బతికేది ప్రకటనల మీదే. మోసపు ప్రకటనను అదుపు చేయవచ్చు, అంతేగాని ప్రకటన అయినంత మాత్రాన రక్షణ పోదు. తెల్ల పేజీల్లాంటి చందాదారుల జాబితా వేసే హక్కు నిగానిదే. డబ్బు కట్టి వేయించుకునే ఎల్లో పేజీల మీద మాత్రం దానికి గుత్తాధిపత్యం లేదు.

ఆ తీర్పు వచ్చిన వారం గురించి ఒక మాట. అంతకు మూడు రోజుల ముందు, 1995 జులై 31న, పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో తొలి మొబైల్ సంభాషణ అది. దేశం మొత్తం మీద అప్పుడు కోటి ఫోన్లు అటూ ఇటూ. డైరెక్టరీ ప్రకటనలు ఎవరివని ఏళ్లతరబడి పోట్లాడి తేల్చుకున్న వారంలోనే డైరెక్టరీ అక్కరలేని ఫోను దేశంలోకి అడుగుపెట్టింది. మొబైల్ నంబర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. తెల్ల పేజీలు పోయాయి, కొన్నేళ్లకు పసుపువీ పోయాయి. ఆ కేసులో తేలిన సూత్రం మాత్రం ఇప్పటికీ ప్రకటనల వివాదం ఏది వచ్చినా ముందు కోర్టులో వినిపిస్తుంది.

ప్రభుత్వ పత్రికల్లో ప్రకటనల ఆచారం పూర్తిగా మాయం కాలేదు. 1957లో ఖుష్వంత్ సింగ్ సంపాదకత్వంలో మొదలైన ‘యోజన’ ఇప్పుడు పోటీపరీక్షల అభ్యర్థుల పాఠ్యపుస్తకం. తెలుగులోనూ వస్తుంది. సివిల్స్ శిక్షణ సంస్థల ప్రకటనలు ఆ పత్రికలో కనిపించడంలో వింతేముంది? రేడియో పత్రికలో రేడియో సెట్ల ప్రకటనల లాంటివే ఇవీ. చదివేది ఎవరో, ఏం కొంటాడో అమ్మేవాడికి నూటికి నూరుపాళ్లు తెలుసు. శిక్షణ సంస్థ పేరు ప్రభుత్వ పత్రికలో కనిపించినంత మాత్రాన ప్రభుత్వం దాన్ని మెచ్చినట్టు కాదని అభ్యర్థికి తెలిస్తే చాలు. అందరికీ తెలుసా అంటే అనుమానమే.

అన్నిటినీ తట్టుకుని నిలిచింది ఒక్క గెజిట్. బొమ్మలూ నినాదాలూ ఏమీ లేని ఆ పుటలకు కావలసింది ప్రభుత్వ ముద్ర ఒక్కటే, దాన్ని ఇంకెవరూ అమ్మలేరు. భారత రాజపత్రం నాలుగో భాగం పేరే ప్రైవేటు వ్యక్తుల, ప్రైవేటు సంస్థల ప్రకటనలు, నోటీసులు. పేరు మార్చుకున్నవాళ్లు ఇప్పటికీ రుసుము కట్టి దాంట్లో ప్రకటన వేయించుకుంటారు. 2015 అక్టోబరు నుంచి కేంద్ర రాజపత్రం కాగితం మీద అచ్చు వేయడం ఆపేశారు. నాలుగో భాగం మాత్రం ఇంటర్నెట్‌లో వెలువడుతూనే ఉంది.